కాలు కింద పెట్టనివాడి సైకిలు

తిరుపతి వెళ్లొచ్చానంటే మా తణుకులో ఎవరైనా ముందు నెత్తి వంక చూస్తారు, తర్వాత లడ్డూ కోసం చెయ్యి చాపుతారు. నా నెత్తి మీద జుట్టు జుట్టులాగే ఉంది. లడ్డూ తేలేదు. కొండ కిందిదాకా వెళ్లి కొండెక్కకుండా వచ్చానని తెలిసి మా అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. "పాత సైకిలు కోసం అంత దూరం వెళ్లి స్వామిని చూడకుండా వచ్చేవాళ్లుంటారా?" అని మా ఆవిడ వీధంతా వినపడేలా అడిగింది. ఉంటారు. నేనున్నాను కదా!

నాకో మందుల కొట్టు ఉంది, బీపీ ఉంది, వాటితోపాటు గేర్ల సైకిళ్ల పిచ్చి ఉంది. తాతల కాలం నాటి సైకిళ్లు పోగుచేసేవాళ్లని నలుగురూ మెచ్చుకుంటారు. నా పిచ్చి మొన్నమొన్నటిది కాబట్టి నవ్వుతారు. తొంభైల మొదట్లో మన దేశంలో మొదటిసారి కొండలెక్కే సైకిళ్లు తయారయ్యాయి. బుడిపెల టైర్లు, అడ్డంగా తిన్నటి హ్యాండిలు, బొటనవేలితో నెట్టే గేరు మీటలు. అవంటే నాకు ప్రాణం. మేడ మీద గదిలో నాలుగున్నాయి. మా ఆవిడ ఆ గదిని ఇనప కొట్టు అంటుంది.

ఆ నాలుగూ వచ్చాయి గానీ అసలుది రాలేదు. దాని పేరు ధవళగిరి. నేను ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు ఒక సైకిలు కొట్టు అద్దం వెనక చూశాను. మద్రాసు కంపెనీది. ముదురాకుపచ్చ రంగు, పద్దెనిమిది గేర్లు, హ్యాండిలూ దాన్ని పట్టే కమ్మీలూ కలిపి ఒకే త్రికోణంగా చేసిన తీరు. రోజూ సాయంత్రం వెళ్లి అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాణ్ణి. "కొంటావా, కళ్లతోనే అరగదీస్తావా?" అనేవాడు కొట్టు ఆసామి. నాన్నని అడిగితే, "తణుకులో ఎత్తుగా ఉన్నది మిల్లు పొగ్గొట్టం ఒక్కటేరా. దానిమీదికి తొక్కుతావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్లవాడికి సైకిలు కోసం ఏడుపేమిటంటారేమో, వచ్చింది మరి.

రెండేళ్లకే కంపెనీ ఆ సైకిలు చెయ్యడం ఆపేసింది. కొన్నవాళ్లు గేర్లు పీకేసి, వెనక క్యారియరు బిగించి, పాలవాళ్లకి అమ్మేశారు. పద్నాలుగేళ్లు వెతికాను. మొన్న డిసెంబరులో బెంగుళూరులో నాలాంటి పిచ్చివాడొకడు ఫోన్ చేసి, ఆ కంపెనీ పాత సేల్స్ మనిషి తిరుపతిలో ఉన్నాడనీ, ఎక్కడో ఒక ధవళగిరి కొత్తది కొత్తగానే ఉందని ఆయన అంటున్నాడనీ చెప్పాడు. కొట్టు మా తమ్ముడికి అప్పగించి రైలెక్కాను.

తిరుపతిలో కంపెనీ మనిషి

రైలు దిగినవాళ్లందరూ కొండ బస్సుల వైపు పరుగెత్తుతుంటే నేనొక్కణ్ణే ఎదురు నడిచాను. స్టేషను దగ్గర బండి మీద పులి బొంగరాలు వేస్తున్నారు. పులిసిన పిండిని గుంతల పెనంలో పోసి కాలుస్తారు, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంటాయి. ప్లేటు ఆరు రూపాయలు. మా వైపు ఆ డబ్బుకి ఒక బజ్జీ, దాన్లో సగం నూనె. రెండు ప్లేట్లు తిన్నాక బండావిడ, "కొండకి పోకముందే ఇంత తింటే మెట్లెక్కలేవు నాయనా," అంది. కొండకి కాదమ్మా అంటే నన్ను పైనించి కిందికి చూసి చట్నీ ఇంకో గరిటె వేసింది. జాలిపడినట్టుంది.

బైరాగిపట్టెడలో భక్తవత్సలం గారిల్లు. కంపెనీ తరఫున చిత్తూరు జిల్లా అంతా తిరిగి సైకిళ్లు అమ్మిన మనిషి. ఇప్పుడు రిటైరై, మల్లెపువ్వులాంటి చొక్కా వేసుకుని, కాఫీ మీద కాఫీ తాగుతూ కూర్చుంటారు. సైకిళ్ల గురించి అడగడానికి ఒక మనిషి రైలెక్కి వచ్చాడంటే ఆయన మొదట నమ్మలేదు. తర్వాత నన్ను వదల్లేదు.

"మద్రాసులో ఏసీ రూములో కూసోని కొండ సైకిల్ చేసినారప్పా. బొమ్మల పుస్తకంలో సూసి చేసినారు. మొదటి మాదిరి మాత్రం బ్రహ్మాండంగా వచ్చె. అతుకులన్నీ చేత్తో ఇత్తడి పోసి అతికినారు, మిషను పని కాదు. నేను పోయి రైతులకి సూపిస్తే ఒగటే మాట. పాలక్యాను యాడ తగిలించల్ల? క్యారియర్ లేదంటి. స్టాండు? లేదంటి. నవ్వినారు." ఆయన కూడా నవ్వారు. "ఇరవై ఏండ్లు సైకిళ్లు అమ్మినా. నా మనసుకి నచ్చిందే అమ్మలేకపోయినా."

అమ్మడం కోసమే ఆయన మొగిలి ఘాట్‌లో ఒక పందెం పెట్టించారట. చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే దారిలో పలమనేరు ముందు వచ్చే ఎక్కుడు అది. ఉన్నది ఒకే సైకిలు. కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎక్కాలి. కాలు కింద పెట్టకుండా పైదాకా తొక్కినవాడికి సైకిలు ఊరికే ఇచ్చేస్తారు. గేర్లు మార్చడం తెలియక పెద్ద గేరులోనే తొక్కుతారు, ఎవడూ ఎక్కలేడని ఆయన ధైర్యం.

"మునస్వామని ఒగడు ఎక్కేసినాడు. పూలమాల వెయ్యబోతా ఉంటే మూడో మలుపులో కాలు పెట్టినాడని ఇంకొగడు సెప్పినాడు. వాడి పేరు చెంగల్రాయుడు. ఆ మలుపుకి మేం పెట్టిన కాపలా వాడే. మేం చేసిన తప్పు అదే సూడు. ఓడిపోయినోళ్లనే తీసుకపోయి మలుపుల్లో నిలబెట్టినాం. ఓడిపోయినోడి కండ్లకి గెలిచేవోడి కాలు ఎట్లా అగుపడతాదో మాకు తట్టలా. ఇంతకీ ఆ ఇద్దరూ ఒగే కంచంలో తినే స్నేహితులు. కొట్టుకోని సొక్కాలు సించుకున్నారు. తేలినాక ఇస్తామని పూతలపట్టులో మా డీలరు దగ్గర సైకిల్ పెట్టేస్తిమి. ఇంతవరకూ తేలలా."

పద్నాలుగేళ్లు ఎవరూ ఎక్కని ధవళగిరి! అడగాల్సింది అడిగేశాను. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "కంపెనీ వాళ్లు ఆ సైకిల్‌ని ఎప్పుడో మరిసిపోయినారు. ఇప్పుడు కంపెనీ అంటే నేనే అనుకో. మునస్వామి కాలు పెట్టలేదని తేలితే సైకిల్ వాడిది. పెట్టినాడని తేలితే ఎవురిదీ కాదు, నువ్వు తీసుకపో. ఏదో ఒగటి తేలల్ల," అన్నారు. నా ఎదురుగానే డీలరుకి ఫోన్ చేసి అదే మాట చెప్పారు.

పూతలపట్టులో దూలానికి

మర్నాడు పొద్దున్నే ఎర్రబస్సెక్కాను. చంద్రగిరి దాటాక రెండు పక్కలా ఎవరో పేర్చిపెట్టినట్టు బండల గుట్టలు, వాటి మధ్య మామిడి తోటలు. మాకు కనుచూపు మేర చదునైన వరిచేలు అలవాటు. ఇక్కడ ఎటు చూసినా ఎక్కుడో దిగుడో ఉంది. గేర్ల సైకిలు పుట్టాల్సిన చోటు ఇదే కదా, ఇక్కడే ఎవరూ కొనలేదేమిటా అని చికాకుపడుతూ కూర్చున్నాను. కండక్టరు పూతలపట్టు అని అరిచింది వినక, ఊరు దాటాక దిగి, ఎండలో వెనక్కి నడిచాను.

డీలరు దేవసహాయం కొట్టు మూడు రోడ్ల కూడలిలో ఉంది. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, గోడ మీద యేసుప్రభువు పటం. నేనెవరో చెప్పగానే మాట్లాడకుండా చూపుడువేలు పైకెత్తాడు. ఏమిటీయన స్వర్గం చూపిస్తున్నాడు అనుకుంటూ తలెత్తాను. కొట్టు దూలానికి తాళ్లతో కట్టి, గోనెపట్టా చుట్టి, వేలాడుతోంది. పట్టా చినిగిన చోట ముదురాకుపచ్చ రంగు కనిపించింది.

దించమని బతిమాలాను. దించాడు. పట్టా విప్పితే కమ్మీలకి కంపెనీ కాగితం ఇంకా అలాగే ఉంది. ఒక్క టైరు బుడిపె అరగలేదు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాను. రబ్బరు, గ్రీజు, ఏలూరులో ఆ కొట్టు ముందు సాయంత్రాలు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన్ని తిట్టుకున్న రోజులు గుర్తొచ్చి సీటు మీద తల ఆనించేశాను. దేవసహాయం చూసి, "ఏడ్సద్దు సార్. నీది కాదింకా," అన్నాడు.

"దసరాకి పక్క షెడ్డోళ్లు వచ్చి దీనికీ బొట్టు పెడతామంటారు. ఎవురిదో తేలనీండి, అప్పుడు వాళ్లే పెట్టుకుంటారు అంటా. నేను క్రైస్తవుణ్ణని వాళ్లిద్దరూ నా దగ్గరే పెట్టమనినారు. ఇద్దరికీ కానోణ్ణి గదా, అందుకు."

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. రాగి సంగటి ముద్ద, శెనక్కాయల ఊరిబిండి, మునగాకు పప్పు. సంగటి నమలకూడదట, పప్పులో అద్ది మింగాలట. నేను నమిలాను, పళ్లకి అంటుకుంది. ఊరిబిండి మన పల్లీ పచ్చడే కదా అని గోదావరి జిల్లా ధీమాతో పెద్ద ముద్ద పెట్టుకున్నాను. ఆవకాయ తిని పెరిగిన నాలుక ఇది, అయినా కళ్లవెంట నీళ్లు. దేవసహాయం భార్య నవ్వాపుకుంటూ మజ్జిగ చెంబే నా ముందు పెట్టేసింది.

ఎలా తేలుతుందని అడిగాను. "కాణిపాకంలో ప్రమాణం చేస్తే తేలతాది," అన్నాడు దేవసహాయం.

"అయితే చేయించండి!"

ఆయన కంచంలో చెయ్యి ఆపాడు. "ప్రమాణం అంటే మీ పక్క ఒట్టు మాదిరి కాదప్పా. కోనేట్లో మునిగి, తడి గుడ్డలతో ఇనాయకుడి ముందర నిలబడి సెప్పల్ల. ఆడ అబద్ధం సెప్పినోడు బాగుపడిందిలా. నేను ప్రభువు బిడ్డని, నేను గూడా ఆడ అబద్ధం సెప్పను. ఇంగో మాట. ప్రమాణం దాకా పోయినోళ్లు మళ్లా ఒగరింట్లో ఒగరు నీళ్లు తాగరు. వీళ్లు ఎప్పుడో ఒగనాడు కలస్తారని నాకు ఆశ. నువ్వు సైకిల్ కోసరం తొందరపడి దాన్ని తెంచేస్తావేమో సూసుకో."

మా వైపు ఒట్టుదేముంది! వంకాయల బేరానికి కూడా వేస్తాం. "అమ్మతోడు, కొన్నధరే" అని కొట్లో నేనే రోజూ అంటాను. ఆయన చెప్పింది అర్థమైంది. అయినా నా కళ్లు గోడకి ఆనించిన సైకిలు మీదే ఉన్నాయి. వాళ్లిద్దరి ఊళ్లూ ఎక్కడని అడిగాను.

బెల్లం పొగలో

చెంగల్రాయుడు చెరుకు గానుగ దగ్గర దొరికాడు. డిసెంబరులో ఆ పక్క ఏ దారిన వెళ్లినా బెల్లం వాసనే. మైదానమంత పెనంలో చెరుకు రసం కుతకుతమంటోంది, పక్కన ఈయన బక్కగా, పొడుగ్గా, పొడుగాటి గరిటె పట్టుకుని. నేనొచ్చిన పని చెబితే వినిపించుకోనట్టే, ఒక చెరుకుముక్కని పాకంలో ముంచి తీసి నా చేతికిచ్చాడు. ఆగలేక నోట్లో పెట్టుకున్నాను. నాలుక కాలి గెంతాను. మధ్యాహ్నం కారం, సాయంత్రం ఇది. నా నాలుక ఆ జిల్లాకి ఏం అపకారం చేసిందో!

"సల్లారినాక తినల్ల సార్," అన్నాడు తాపీగా. "సైకిల్ సంగతంటారా, నేను ఆపొద్దు సెప్పిందే. పెట్టినాడు. పెట్టలేదంటే వాణ్ణే కాణిపాకం వచ్చి సెప్పమనండి. నేనూ వచ్చి నిలబడతా." కాసేపు గరిటె తిప్పాడు. తర్వాత నా వైపు చూడకుండానే, "వాడు లావైపోయినాడంటనే, నిజమేనా?" అన్నాడు.

నిజమే. మునస్వామి పక్క ఊళ్లో పాల సెంటరు నడుపుతున్నాడు. గుండ్రటి పొట్ట, చంకలో తువ్వాలు, వాకిట్లో పాలక్యాన్లతో నిండిన జీపు. కాణిపాకం అనగానే ముఖం ఎర్రబడింది. "నాకేం భయమా? రేపే రమ్మను. సైకిల్ నాదని తేలితే ఎవురికీ అమ్మను, ముందే సెప్తా ఉండా. మా ఇంటి నడవలో తగిలిస్తా, వచ్చేపోయే వాళ్లందరూ సూడల్ల." కాఫీ ఇచ్చాడు. నేను లేచేటప్పుడు వీధి గుమ్మం దాకా వచ్చి, "వాళ్ల గానుగలో బెల్లం ఈ ఏడు తెల్లగా వచ్చిందా సార్?" అని మెల్లిగా అడిగాడు.

మందుల కొట్టు నడిపేవాణ్ణి, ఏ రోగానికి ఏ మందో చూడగానే తెలిసిపోవాలి. ఈ ఇద్దరి రోగం నాకు ఆ పూటే తెలిసింది. తెలిసి కూడా, రేపు మునస్వామి కాలు పెట్టినట్టు తేలాలి దేవుడా అనే దణ్ణం పెట్టుకుని పడుకున్నాను. సిగ్గుగానే ఉంది, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలిగా.

కాణిపాకం కోనేరు

పొద్దున్నే నలుగురం వెళ్లాం. మునస్వామి జీపులో మునస్వామి, నేను, దేవసహాయం. పాలక్యాన్ల బదులు వెనక సైకిలు. తేలగానే అక్కడికక్కడే ఇచ్చేసి చేతులు దులుపుకుంటానని దేవసహాయం పట్టుబట్టి ఎక్కించాడు. చెంగల్రాయుడు మోపెడ్ మీద విడిగా వచ్చాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దేవసహాయం బయటే చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

చలికి కోనేటి నీళ్లు సూదుల్లా ఉన్నాయి. మునస్వామి పంచె కట్టుకుని మూడు మునకలు వేశాడు. తువ్వాలు అందిద్దామని ఒక మెట్టు దిగాను, నాచు మీద కాలు జారి ప్యాంటూ చొక్కాతో సహా బుడుంగుమన్నాను. పైకి లేస్తే ఒక ముసలమ్మ, "ఏం తప్పు చేసినావు నాయనా, నువ్వూ ప్రమాణమా?" అంది. చెంగల్రాయుడికి నవ్వొచ్చింది. మునస్వామికీ వచ్చింది. ఇద్దరూ ఒకేసారి నవ్వబోయి, ఒకరినొకరు చూసుకుని, ఆపేసుకున్నారు.

లోపల స్వామి ముందు జనం జరిగి చోటిచ్చారు. అక్కడ తడి బట్టల మనిషిని చూస్తే ఎవరూ ఏమీ అడగరు, దారి ఇస్తారు. "సెప్పు నాయనా," అన్నాడు అయ్యవారు. మునస్వామి చేతులు జోడించాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. నేను గజగజ వణుకుతూ ఆ పెదాలే చూస్తున్నాను. రెండోసారి నోరు తెరిచాడు, మూసుకున్నాడు. చటుక్కున వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ బయటికి నడిచాడు.

వెంట పరుగెత్తాం. గుడి బయట, దేవసహాయం పక్కన అరుగు మీద కూలబడి ఉన్నాడు.

"పెట్టినా," అన్నాడు. "రాయి జారింది. బొటనేలు ఆనించినా. రెప్పపాటు." తలెత్తి చెంగల్రాయుడితో పద్నాలుగేళ్లకి మొదటిసారి మాట్లాడాడు. "నువ్వు ఆడే ఉండావు, సూసినావని నాకు తెలుసు. సూసినా సూడనట్టు ఉంటావనుకున్నా. నా సావాసగాడివి గదరా. నలుగురిలో సెప్పేస్తివి. నాకు కడుపు రగిలిపోయింది."

చెంగల్రాయుడు నిలబడ్డచోటే నిలబడ్డాడు.

"నేను సూడలా," అన్నాడు.

"ఏందీ?"

"సూడలా రా. ఆపొద్దు ఘాట్‌లో చెరుకు లారీ మెల్లిగా ఎక్కతా ఉండె. దాని ఎనకాల పోయి గడ పీక్కుంటా ఉన్నా. తిరిగి సూసేసరికి నువ్వు మలుపు దాటేసినావు. వాళ్లొచ్చి అడిగితే పెట్టినాడని సెప్పినా. నేను మొదటి మలుపులోనే పడితి. నువ్వేమో ఎక్కేస్తా ఉండావు. కుళ్లు పుట్టె. ఊరికే సెప్పినా."

"సూడకుండానే సెప్పినావా?"

"సూడకుండానే."

మునస్వామి అరుగు మీద అరచేత్తో చరిచాడు. "అయినా నిజమే సెప్పినావు గదరా, ఎదవా!"

ముందు ఎవరు నవ్వారో నాకు తెలియదు. ఇద్దరూ నవ్వారు, నవ్వి నవ్వి దగ్గారు, దగ్గి దగ్గి కళ్లు తుడుచుకున్నారు. చెంగల్రాయుడు వచ్చి అరుగు మీద పక్కన కూర్చుని, తన పొడి తువ్వాలుతో మునస్వామి తల తుడవడం మొదలుపెట్టాడు. దేవసహాయానికి మాత్రం ఒళ్లు మండిపోయింది. "పద్నాలుగేండ్లు నా నెత్తిన సైకిల్ యాలాడదీసినారు గదరా! ఎప్పుడు ఎవురి మింద పడతాదో అని బిక్కుబిక్కుమని కూసున్యా. మీ నోట్లో మన్నుబొయ్య!" అంటూనే ఆయనా కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత నా వైపు తిరిగాడు. "పెట్టినాడని తేలింది. కంపెనీ మాట ప్రకారం నీదే సార్. తీసుకపో."

నాది! ధవళగిరి నాది! తడిసిన ప్యాంటుతో జీపు వెనక్కి వెళ్లి గోనెపట్టా మీద చెయ్యి వేశాను. నా పెళ్లినాడు కూడా అంత సంతోషం లేదు. మా ఆవిడ ఇది చదవదు కాబట్టి రాస్తున్నాను.

మొగిలి ఎక్కుడు

గుడి దగ్గర పులిహోర పొట్లం ఒకటే కొని ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు. తినడం అయ్యాక మునస్వామి నా దగ్గరికి వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "సార్, సైకిల్ మీదే. కాదనను. తీసుకపోయే ముందర ఒగసారి మొగిల్లో తొక్కతా. ఒగే ఒగసారి."

కుదరదన్నాను. గట్టిగానే అన్నాను. నా మాటలో తప్పేముంది? పద్నాలుగేళ్లు మట్టి అంటని టైర్లు. అలాంటి సైకిలు దేశం మొత్తం మీద ఇంకొకటి ఉంటుందో లేదో. దాన్ని లారీలు తిరిగే ఘాట్‌లో ఈ పొట్టమనిషి తొక్కితే ఇంకేం మిగులుతుంది? ఇదంతా చెప్పాను. అర్థమైనట్టు తలూపి, ఏమీ అనకుండా వెళ్లి జీపులో కూర్చున్నాడు. చెంగల్రాయుడు మోపెడ్ గుడి దగ్గరే వదిలేసి వచ్చి పక్కన ఎక్కాడు. వాళ్లు తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. నన్ను దింపాల్సిన చిత్తూరు రైలు స్టేషను బోర్డు కనిపించేదాకా బిగబట్టుకుని కూర్చుని, అక్కడ, "సరే పోనివ్వండయ్యా, మొగిలికే పోనివ్వండి!" అని అరిచాను. కోపంగానే అరిచాను. వాళ్లకి ఆ కోపం ఏమీ పట్టినట్టు లేదు.

బంగారుపాళెం దాటాక కొండలు దగ్గరికి వచ్చేశాయి. ఎక్కుడు మొదట్లో మొగిలీశ్వరుడి గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, టైర్లకి గాలి కొట్టి, మునస్వామి సైకిలెక్కాడు. దేవసహాయం, నేను, జీపు నడుపుతూ చెంగల్రాయుడు ముందే వెళ్లి మూడో మలుపులో దిగాం. చెంగల్రాయుడు రోడ్డు పక్కన ఒకచోట చూసుకుని, ఇక్కడే, అని నిలబడ్డాడు. మొక్కు తీర్చుకునేవాడిలా కదలకుండా నిలబడ్డాడు. ఒక చెరుకు ట్రాక్టరు మూలుగుతూ పోయింది. దాని వైపు తల కూడా తిప్పలేదు.

ముందు చైను చప్పుడు వినిపించింది. గేరు మారినప్పుడు టకటకమనే ఆ చప్పుడు నేను అద్దం బయట నిలబడి ఎన్నిసార్లు ఊహించుకున్నానో. అచ్చం అలాగే ఉంది. తర్వాత మునస్వామి కనిపించాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, ముఖం దానిమ్మ గింజలా ఉంది, నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తున్నాడు. సైకిలు పాములా మెలికలు తిరుగుతోంది. ముందు టైరుకి ఎర్రమట్టి. "తొక్కరా! తొక్కు మునసామీ!" అని చెంగల్రాయుడు గొంతు చించుకుంటున్నాడు. నేనూ అరుస్తున్నానని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

సరిగ్గా మలుపు మధ్యలో, మాకు నాలుగు అడుగుల దూరంలో, మునస్వామి పని అయిపోయింది. సైకిలు ఆగిపోయింది. రెండు కాళ్లూ రోడ్డు మీద బారజాపి, హ్యాండిలు మీద తల వాల్చేసి, గుర్రంలా రొప్పుతూ నిలబడిపోయాడు.

చెంగల్రాయుడు రెండు చేతులూ పైకెత్తాడు.

"పెట్టలా!" అని అరిచాడు. కొండలకి తగిలి తిరిగొచ్చేలా అరిచాడు. "కాలు పెట్టలా! నేను సూసినా! నా రెండు కండ్లతో సూసినా! మునసామి కాలు పెట్టలా!"

మునస్వామి తలెత్తి వాణ్ణి చూశాడు. నేల మీదున్న తన పాదాలు చూసుకున్నాడు. తీయలేదు. మూతి వంకర్లు పోయి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

దేవసహాయం గొంతు సవరించుకున్నాడు. "నేను సూడలా. కంట్లో దుమ్ము పడె," అని నా వైపు తిరిగాడు. "సార్, మీరు బయటోళ్లు. మీ మాటే మాట. పెట్టలేదంటే వాడిది, పెట్టినాడంటే మీది. సెప్పండి. వీడు కాలు పెట్టినాడా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నేను సైకిలు వంక చూశాను. ముదురాకుపచ్చ రంగు ఎండలో మెరుస్తోంది. మొగిలీశ్వరుడు కూతవేటు దూరంలోనే ఉన్నా, ఆయన ప్రమాణాల దేవుడు కాడు. కాణిపాకం చాలా దూరం.

"లేదండీ," అన్నాను. "పెట్టలేదు. నేనూ చూశాను."